సీసా ఆకసమున కెగసినపుడు

1804వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీని పారిస్ నగరమునుండి బెలూనులో ఒంటరిగా బయలుదేరి, ఏడువేల మీటర్ల యెత్తున, నీరు గడ్డకట్టు చలిలో, చేతులు మొద్దువారి ఊపిరి చాలక ఆయాసపడుచుండియు, లోని గాలినంతయు తోడివేసి బిగించి తనతో కొనిపోయిన గాజుబుడ్లను అచట తెరచి, ఆ యెత్తునందలి వాయువును వానిలో బంధించి, మరల మూసి నేలకు దించిన యిరువదియైదేండ్ల యువకుడొకడు కలడు. ఆతడు ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త గే-లుస్సాక్. ఆకాశమునుండి దిగివచ్చిన ఆ గాలిని పరీక్షింపగా ప్రాణవాయువు పాలు పారిస్ వీథులలోని గాలియందెంతయో అందును అంతయే యున్నట్లు తేలెను. అంతకు రెండేండ్ల ముందు, 1802లో, వాయువులన్నియు వేడిమికి ఒకే పాటిగా వ్యాకోచించునను నియమమును ప్రకటించినవాడును, ఆ తరువాత 1824లో, సారాలో ముంచినంతనే మద్యసారము నూటికెన్ని పాళ్ళున్నదో గీతలమీద చూపు తేలుడు గొట్టమును లోకమునకిచ్చినవాడును అతడే. విమానమున మద్యపు సీసా కొనిపోవువాడు తెలిసికొనవలసిన శాస్త్రమంతయు, అనగా పీడనము, ఉష్ణము, మద్యసారపు పాలు అను మూడును, ఒక్క మనుష్యుని జీవితమున నిట్లు కూడియుండుట నాకెప్పుడును అద్భుతముగనే తోచును.

గల్ఫు దేశమునుండి ఏడాదికో రెండేండ్లకో ఇల్లు చేరుచు డ్యూటీ ఫ్రీ దుకాణమున ఒక సీసా కొనుక్కొని వచ్చు కరీంనగరపు కార్మికుడైన నేమి, గోవానుండి జీడిమామిడి ఫెనీని స్నేహితులకై తెచ్చు హైదరాబాదు ఉద్యోగి యైన నేమి, పెట్టె సర్దుకొనునపుడు పడు భయము ఒక్కటే: పైకి పోయిన తరువాత గాలి పలుచనై సీసా పగులునేమో, బిరడా ఎగిరిపోవునేమో, బట్టలన్నియు తడిసిపోవునేమో యని. ఈ భయము సహజమైనదే కాని చోటు తప్పినది. సీసాకు ఆకాశము చేయు కీడు మిక్కిలి స్వల్పము. నేల చేయు కీడే అధికము. దీనిని లెక్కలతో చూపుటయే నా యుద్దేశము.

మొదట, సామాను గది సంగతి. పెట్టెలు పెట్టు క్రింది అర విమానపు గర్భమున గాలిలేని శూన్యముగ నుండుననియు, బయటి చలియంతయు అందు దూరుననియు అనేకులు తలతురు. పదునొకండు వేల మీటర్ల యెత్తున బయటి గాలి సున్నకు 55 డిగ్రీలు దిగువనుండుట నిజమే; కాని ప్రయాణికులు కూర్చుండు గదియు, సామాను గదియు ఒకే పీడన కవచములో నిమిడి యున్నవి. పెంపుడు కుక్కలను సయితము ఆ క్రింది గదిలోనే పంపుదురని తలచుకొన్నచో ఈ సంగతి మరపురాదు. రెండు గదుల నడుమనున్న నేల పీడనమును ఆపుటకై కట్టిన గోడ కాదు. 1974 మార్చి 3వ తేదీని పారిస్ సమీపమున ఒక డి.సి.-10 విమానపు సామాను గది తలుపు ఊడిపోగా, క్రింది గదిలోని గాలి ఒక్కమారుగ వెలికి పోయి, పైగదిలోని గాలి బరువునకు నేల క్రుంగి, దానిలోనుండి పోవు నియంత్రణ తీగెలు తెగి, 346 మంది మరణించిరి. ఆ ఘోరమునకు పిమ్మట, ఒక గదిలో గాలి పోయినచో రెండవ గదినుండి అది సులువుగ ప్రవహించుటకై నేలయందు ద్వారములమర్చుట విధియైనది. కావున మీ పెట్టెలోని సీసాకును, మీ ముఖమునకును తగులు గాలి ఒకే పీడనము గలదని నిశ్చయముగ నమ్మవచ్చును.

ఆ పీడనమెంత? ప్రయాణికుల గదిలోని పీడనము ఎనిమిదివేల అడుగుల కొండమీది పీడనమునకు తగ్గరాదని నిబంధన కలదు. సముద్రతీరమున 760 మిల్లీమీటర్ల పాదరసమును నిలుపు గాలి ఆ యెత్తున రమారమి 565 మిల్లీమీటర్లనే నిలుపును. అనగా నాలుగింట మూడు వంతులు. నేలమీద బిరడా బిగించిన సీసాలోని కొద్దిపాటి గాలి మాత్రము నేలమీది పీడనమునే తనలో దాచుకొనియుండి, బయట తగ్గిన ఆ నాలుగవ వంతుకొలది బిరడాను వెలికి త్రోయును. సాధారణమైన ద్రాక్షసారాయపు సీసా మెడ లోపలి వ్యాసము 18.5 మిల్లీమీటర్లు, బిరడా అడుగు వైశాల్యము ఇంచుమించు 2.7 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరునకు పావు కిలో చొప్పున గుణించినచో ఆకాశము ఆ బిరడాను లాగు బలము కిలోలో మూడింట రెండు వంతులు మాత్రమే యగును. అదే బిరడాను మరమేకు దించి మనము పెరుకవలసి వచ్చినపుడు ఇరువది కిలోల బలమునకు తక్కువ పట్టదు! అటువంటి బిరడా కిలోలో మూడింట రెండు వంతుల బలమునకు ఊడునని భయపడుట, తాటిచెట్టును పిచ్చుక పెరుకునని భయపడుట వంటిది.

అయినను పీడనమును పూర్తిగ ఉపేక్షింపరాని సందర్భమొకటి కలదు. అది సగము ఖాళీ చేసిన సీసా. నిండు సీసా మెడలో పదునైదు మిల్లీలీటర్ల గాలి యున్నదనుకొందము. మూత సరిగా పట్టక సీసా తలక్రిందుగ నున్నచో, పైకి పోయిన పిమ్మట ఆ గాలి తనలో మూడవ వంతు వ్యాకోచింపగోరి, అయిదు మిల్లీలీటర్ల ద్రవమును వెలికి నెట్టును. అంతటితో దాని కోరిక తీరును. సీసాలో మూడువందల మిల్లీలీటర్ల గాలి యున్నచో అదే నియమము చొప్పున నూరు మిల్లీలీటర్లు వెలికి వచ్చును. తప్పు మూతదే యైనను, నష్టమును కొలుచునది లోని గాలి. అంగటిలో ముద్రవేసిన యథాస్థితిలోనే సీసాలను కొనిపోవలెనను నిబంధనకు వేరు కారణములున్నను, భౌతికశాస్త్రమును దానికే సాక్ష్యము పలుకును. అమెరికాకు పోవు కొడుకునకు ఆవకాయ కట్టియిచ్చు తల్లులు, జాడీ అంచువరకు ముక్కలదిమి, పైన నూనె తేలునట్లు పోసి, మూతచుట్టు టేపు చుట్టి, కవరుమీద కవరు వేసి ముడివేయుట మనయిండ్లలో చూచుచునే యున్నాము. బూజు పట్టకుండుటకై గాలిని వెడలగొట్టు ఆ తల్లి, తెలియకయే కారుటనుగూడ అరికట్టుచున్నది.

ఇక లోపలినుండియే ఒత్తిడి పుట్టించు పానీయముల మాట. షాంపేను సీసాలో బొగ్గుపులుసు గాలి అయిదారు వాతావరణముల పీడనముతో కుదించి యుండును. అందులకే దాని గాజు మందము, బిరడాకు తీగె కట్టు. ఆరింటిని ఓర్చుకొను సీసాకు విమానమున అదనముగ చేరునది పావు మాత్రమే. దానికి భయపడ నక్కరలేదు. కాని కల్లు వేరు. తాటికల్లు గాని ఈతకల్లు గాని చెట్టునుండి దిగిన పిమ్మట గూడ లోని సూక్ష్మజీవుల వలన పులియుచునే యుండును. ఈ పులియుటను తెలుపు సమీకరణమునకును గే-లుస్సాక్ పేరే నిలిచినది: 180 గ్రాముల చక్కెర విరిగి 92 గ్రాముల మద్యసారమును, 88 గ్రాముల బొగ్గుపులుసు గాలిని ఇచ్చును. ఈ లెక్కను చిన్నదిగ చేసి చూతము. కేవలము పది గ్రాముల చక్కెర, అనగా రెండు చెంచాలు, పులిసినచో పుట్టు వాయువు నేలమీది పీడనమున రెండున్నర లీటర్లకు మించును. ఒక లీటరు సీసాలో మెడవరకు పోసి మూత బిగించిన కల్లులో ఆ వాయువంతయు ఎచటికి పోవలెను? కొంత ద్రవమున కరగును, తక్కినది గోడలను త్రోయును. దీనికి ఆకాశయానముతో పనిలేదు. బస్సులో కొనిపోయినను పగులును. ఊరి కల్లును ప్రేమతో బంధువులకు కొనిపోవలెనను కోరిక నాకు తెలియనిది కాదు, కాని మూత బిగించిన కల్లు సీసా నా దృష్టిలో నిజముగ అపాయకరమైన వస్తువు.

నేల చేయు కీడులలో మొదటిది ఎండ. సామాను బండిమీద పెట్టెలు విమానము ప్రక్కన నిలుచుండు వేళలో, వేసవి మధ్యాహ్నమున విజయవాడ గన్నవరమున గాని, దుబాయిలో గాని, నల్లని పెట్టెలోపల వేడిమి యెంతకు పోవునో ఊహింపవచ్చును. నీటికంటె మద్యసారము వేడికి మిక్కిలిగ వ్యాకోచించును. 20 డిగ్రీలనుండి 50 డిగ్రీలకు వేడెక్కినచో 750 మిల్లీలీటర్ల నీరు ఎనిమిది మిల్లీలీటర్లు పెరుగగా, అంతే మద్యసారము ఇరువదియైదు మిల్లీలీటర్లు పెరుగును. సారా ఈ రెంటి నడుమ నుండును. సీసాను మూతి అంచువరకు నింపక మెడలో కొంత ఖాళీ విడుచుట కొలతలో మోసము కాదు, ఈ పెరుగుదలకు విడిచిన చోటు. అదే వేడిమిలో మద్యసారపు ఆవిరి పీడనము 44 మిల్లీమీటర్ల పాదరసమునుండి 220 మిల్లీమీటర్లకు ఎగబ్రాకును. పైకి పోయినపుడు పీడనము తగ్గుటవలన పడు త్రోపుడు ఎంతయో, ఎండలో నిలుచుటవలన పడు త్రోపుడును రమారమి అంతయే యగుట గమనింపదగినది.

రెండవది, అన్నిటికంటె ఘోరమైనది, దెబ్బ. గాజు నొక్కుడును ఓర్చును గాని సాగదీతను ఓర్వదు. నిజమునకు గాజు అణువుల నడుమనున్న బంధములను లెక్కించినచో అది ఉక్కుతో సమానముగ నిలువవలసినది. మరి చిన్న దెబ్బకేల పగులును? ఈ ప్రశ్నకు 1921లో ఇంగ్లండు ఇంజనీరు గ్రిఫిత్ సమాధానము చెప్పెను. గాజు ఉపరితలమున కంటికి కనబడని బీటలు సదా యుండును. లాగుడు బలము వచ్చినపుడు అది గాజంతటను సమముగ వ్యాపింపక ఆ బీట కొనయందు పోగుపడి, దానిని చీల్చుకొని పోవును. క్రొత్తగా తీసిన సన్నని గాజుపోగు మిగుల బలిష్ఠముగ నుండుటకును, పలుమారు తిరిగి గీతలు పడిన సీసా సులువుగ పగులుటకును కారణమిదే. రెండు సీసాలను ఒకదాని ప్రక్క నొకటి తాకునట్లు పెట్టుట మహాపరాధము: గాజును గీయుటకు గాజుకంటె సిద్ధమైనది పెట్టెలో మరియొకటి లేదు, ఢీకొన్నపుడు రెంటిలో ఏదియు లొంగదు.

మెత్తనిదానిని చుట్టుటవలన జరుగు మేలేమి? బలము తగ్గుననుట సగము సత్యమే. ఒక మీటరు ఎత్తునుండి జారిన పెట్టె నేలను తాకు వేళకు సెకనుకు 4.4 మీటర్ల వేగముతో నుండును. సీసా నేరుగ గట్టి అంచునకు తగిలి ఒక మిల్లీమీటరు దూరములో ఆగవలసి వచ్చినచో, తన బరువునకు వేయిరెట్లు బలము దానిమీద పడును. చుట్టు ఉన్ని చొక్కాయో దుప్పటియో అయిదు సెంటీమీటర్లు నలిగి దారియిచ్చినచో అదే సీసా ఇరువది రెట్లు బలముతో ఆగిపోవును. మార్పంతయు ఆగుటకు దొరకిన దూరములో నున్నది. అందుచేతనే సీసాను పెట్టె గోడకు ఆనించి చుట్టూ పలుచని కాగితమును చుట్టుటకంటె, పెట్టె నడుమ, ఆరువైపుల బట్టలు నాలుగైదు అంగుళములు నలుగునట్లు, పడుకొనబెట్టక మూతి పైకుండునట్లు పెట్టుట మేలు. అయితే పెట్టెను మోయువారు దానిని ఏ ప్రక్కకు త్రిప్పుదురో మన చేతిలో లేదు గావున, సీసాకు కారని ప్లాస్టికు సంచియొకటి తొడిగి గట్టిగ మూసియుంచవలెను. పసిబిడ్డ నేప్కిన్లలో చుట్టువారిని చూచితిని. అది వివేకము, ఏలనన అది మెత్తనిదియు, ద్రవమును పీల్చునదియు.

ఇపుడు, ఒకవేళ పగిలినచో నేమి జరుగును? ఇచటనే నిబంధనలన్నియు పుట్టినవి. సారా మండదు; దానినుండి వెడలిన ఆవిరియే గాలితో కలిసి మండును. ఆ ఆవిరి గాలిలో నూటికి 3.3 పాళ్ళకు తగ్గినను, 19 పాళ్ళకు మించినను నిప్పు పట్టదు, నడుమ పట్టును. శుద్ధ మద్యసారము 13 డిగ్రీల చలిలో గూడ ఆ క్రింది హద్దును అందుకొనునంత ఆవిరిని విడుచును. నీరు కలిసినకొలది ఈ హద్దు పైకి జరుగును: నూటికి 40 పాళ్ళ సారా సుమారు 26 డిగ్రీలవద్ద, 20 పాళ్ళది సుమారు 36 డిగ్రీలవద్ద గాని నిప్పునకు భగ్గుమనదు. సిమ్లాలో అగ్గిపుల్లకు లొంగని ద్రవము మన కృష్ణాతీరపు వేసవిలో లొంగునని దీని యర్థము. ఒక 750 మిల్లీలీటర్ల విస్కీ సీసాలోని మద్యసారమంతయు ఆవిరియైనచో 130 లీటర్ల ఆవిరి వెడలి, నాలుగు ఘనపు మీటర్ల గాలిని మండునట్లు చేయగలదు. ఆ యావిరి గాలికంటె ఒకటిన్నర రెట్లకు మించి బరువగుటచే నేలబారున వ్యాపించును. బట్టలు పీల్చుకొనుటచే అంతయు ఒక్కమారుగ ఆవిరికాదనుట నిజమే; కాని నిబంధనలు వ్రాయువాడు అదృష్టమును లెక్కలోనికి తీసికొనరాదు.

అందుకనియే అంతర్జాతీయ నియమము మూడు మెట్లుగ నున్నది. నూటికి 24 పాళ్ళకు మించని బీరు, ద్రాక్షసారాయము మొదలగునవి అగ్నిప్రమాదపు లెక్కలోనికే రావు. 24కు మించి 70 వరకు గల వానిని, అంగటి సీలు విప్పని సీసాలలో, ఒక్కొక్క పాత్ర 5 లీటర్లకు మించకుండ, మనిషికి మొత్తము 5 లీటర్లవరకు కొనిపోవచ్చును. 70 దాటినదానికి చేతిసంచిలో గాని పెట్టెలో గాని తావు లేదు. నూటికి 75.5 పాళ్ళుండు దట్టమైన రమ్ము ఒక చిన్న సీసాయైనను పోరాదు. అత్తరులు, చేతులు కడుగుకొను సానిటైజరులు గూడ మద్యసారమే గదా యని యడుగవచ్చును. వానికి వేరు లెక్క కలదు, ఒక్కొక్కటి అర లీటరు, మొత్తము రెండు లీటర్లు.

సీసామీది అంకె ఈ లెక్కలకన్నిటికి తాళపుచెవి. మన దేశపు విస్కీ సీసాలమీద 42.8 అను వింత సంఖ్య కనబడుటకు గల కథ యిది. పూర్వము ఇంగ్లండులో సారాను తుపాకిమందుమీద పోసి వెలిగించి, మందు అంటుకొన్నచో సారా నిజమైనదనియు, నీరెక్కువై మందు తడిసిపోయినచో మోసమనియు నిర్ణయించెడివారని చెప్పుదురు. తరువాత సుంకపు శాఖ ఈ ‘ప్రూఫు’ను తూకముతో నిర్వచించి, తనతో సమానమైన పరిమాణముగల నీటి బరువులో పదమూడింట పండ్రెండు వంతులు తూగు సారా ప్రూఫు సారా అనెను, అది నూటికి 57.1 పాళ్ళ మద్యసారము. దానిలో నూటికి 75 వంతులు తీసికొన్నచో వచ్చునదే 42.8. ఇంగ్లీషువారి తుపాకిమందు ఈనాటికిని మన సీసాలమీద ఈ రూపమున నిలిచియున్నది. అంకెను చదువు పద్ధతి మాత్రము గే-లుస్సాక్ ఇచ్చిన నూటికి పాళ్ళ పద్ధతి.

చేతిసంచి విషయమున కారణము వేరు. 2006 ఆగస్టులో, లండనునుండి అమెరికాకు పోవు విమానములలో పానీయపు సీసాలయందు ద్రవరూపపు ప్రేలుడు పదార్థములను కొనిపోవ సంకల్పించిన కుట్ర బయల్పడినందున, 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవపాత్రలను విమానపు లోనికి తేరాదను నియమము పుట్టెను. కొన్ని విమానాశ్రయములు ఇటీవల క్రొత్త స్కానరులతో దీనిని సడలించుచున్నను, అన్నియు సడలింపలేదు. డ్యూటీ ఫ్రీ సీసాను విప్పినచో తెలియునట్టి ముద్రసంచిలో ఇత్తురు. దారిలో దానిని విప్పరాదు. హైదరాబాదునుండి దోహామీదుగ అమెరికా చేరి, అచట మరొక విమానమెక్కవలసినవారు, మొదట దిగినచోట పెట్టెలు తీసికొని మరల అప్పగించునపుడే ఆ సీసాను పెట్టెలోనికి మార్చుకొనవలెను. ఈ చిన్న సంగతి తెలియక తనిఖీ బల్లవద్ద సీసా వదలుకొన్నవారు పెక్కుమంది కలరు. ఇక సుంకపు లెక్కను విమానపు లెక్కతో కలుపరాదు. విమానము 5 లీటర్లు మోయును గాని, విదేశమునుండి వచ్చు పెద్దవానికి భారత సుంకశాఖ సుంకము లేక అనుమతించునది 2 లీటర్లు. మద్యము రాజ్యాంగము ప్రకారము రాష్ట్రముల విషయమగుటచే, గోవాలో న్యాయముగ కొన్న ఫెనీ వేరొక రాష్ట్రమున అడుగిడినంతనే వేరొక చట్టమునకు లోబడును. గుజరాతు, బిహారు రాష్ట్రములలో మద్యనిషేధమే యున్నది.

పీడనము సంగతి ఇంకను నమ్మకము కుదరనివారు తమ చేతులతోనే పరీక్షింపవచ్చును. సారాతో పనిలేదు, ఒక లీటరు ప్లాస్టికు నీళ్ళసీసా చాలును. విమానము పూర్తియెత్తున పోవుచుండగా నీరంతయు త్రాగి, ఖాళీ సీసాకు మూత బిగించి యుంచుకొనుడు. విశాఖపట్టణమున సముద్రపు టంచున దిగువేళకు అది ఎవరో పిడికిట పట్టి నలిపినట్లు సొట్టలు పడియుండును. దానిని ఇంటికి కొనిపోయి, నీళ్ళ బకెట్టులో మూతి క్రిందుగ ముంచి, మూత తీయుడు. గుడగుడమని నీరు లోని కెక్కును. ఎక్కిన నీరు పావు లీటరైనచో మీరు కూర్చుండిన గది ఎనిమిదివేల అడుగుల కొండమీద నున్నట్లు. అంతకు తక్కువైనచో కొండ అంత పొట్టిది. గే-లుస్సాక్ బుడ్డిని గూడ ఇట్లే నీటిలో తెరచినచో సగమునకు మించి నీరెక్కవలసినది. ఆ యువకుడు ఒంటరిగ ఊపిరి పీల్చిన చోట గాలి పీడనము నేలమీది దానిలో సగమైనను లేదు.